లా సీటు తర్వాతి మూడేళ్లు: గోదావరి డెల్టాలో న్యాయవిద్య అసలు లెక్క

క్లుప్తంగా: లా కాలేజీ పేరుకు అన్ని చోట్లా ఒకే విలువ ఉండదు. పెద్ద లా సంస్థల్లో మొదట చూసేది ఆ పేరే. జిల్లా కోర్టులో దాన్ని ఎవరూ అడగరు. జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అయ్యాక, చదువుకయ్యే ఖర్చుకన్నా చదువు అయ్యాక గడవాల్సిన రోజుల ఖర్చే పెద్ద ప్రశ్నగా మారింది. ఏ పని చేయాలన్నది ముందు తేల్చుకుంటే ఏ కాలేజీ అన్నది చాలావరకు దానంతటదే తేలుతుంది.

అమలాపురం నుంచి ఏలూరు దాకా ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో ఇళ్లలో నడిచే చర్చంతా ఇంజినీరింగ్ సీటు చుట్టూ తిరుగుతుంది. లా మాట వచ్చేది తర్వాతెప్పుడో. డిగ్రీ అయిపోయి, గ్రూప్స్ ఒకటి రెండు సార్లు రాసి, ఇక ఏంచేద్దామనుకునే దశలో ఎవరో ఒకరు రాష్ట్ర లా ప్రవేశపరీక్ష లాసెట్ పేరు ఎత్తుతారు. అలా ఆలస్యంగా తీసుకునే ఈ నిర్ణయాన్ని 2025లో రెండు పరిణామాలు ఇంకొంచెం చిక్కుముడి చేశాయి.

మొదటిది, ఆ ఏడాది మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పోటీపడాలంటే కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న పాత నిబంధనను కోర్టు మళ్లీ తెచ్చింది. రెండోది, న్యాయవిద్యను, న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆగస్టులో తీసుకున్న నిర్ణయం. దేశంలో కొత్త లా కాలేజీలకు మూడేళ్లపాటు అనుమతులు ఆపేశారు. ఉన్న కాలేజీలు కొత్త సెక్షన్లు తెరవాలన్నా ముందస్తు అనుమతి తెచ్చుకోవాల్సిందే. అంటే కొన్నాళ్లపాటు ఊరికి దగ్గర్లో ఉన్న సీట్లు ఇప్పుడున్నవే. వాటిలో చేరితే ఏ పనికి దారి దొరుకుతుందన్నదే చూసుకోవాలి.

రెండు పరీక్షలు, రెండు క్యాలెండర్లు

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు దారి క్లాట్ అనే ప్రవేశపరీక్ష. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం దీని కిందికే వస్తాయి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ పేరుతో వేరే పరీక్ష పెట్టుకుంటుంది. రాష్ట్రంలోని మిగతా కాలేజీలకు దారి లాసెట్. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు రెండూ అందులోనే. డెల్టా విద్యార్థులకు అందుబాటులో ఉన్న భీమవరం డీఎన్ఆర్, ఏలూరు సీఆర్ రెడ్డి, రాజమహేంద్రవరం జీఎస్కేఎం లా కాలేజీలు, కాస్త దూరమైనా ఆంధ్ర విశ్వవిద్యాలయం లా కాలేజీ ఈ కోవలోవే.

రెండు పరీక్షలూ 120 ప్రశ్నలవే అయినా పోలిక అక్కడితో సరి. క్లాట్ రెండు గంటల పరీక్ష, ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. పేరాలకు పేరాలు చదివి, అందులోని వాదాన్ని పట్టుకుని జవాబు గుర్తించాలి. తప్పుకు పావు మార్కు కోత. లాసెట్ గంటన్నర పరీక్ష, ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, తప్పుకు కోత లేదు. సగం మార్కులు న్యాయవిద్యకు సంబంధించిన భాగానికి, మిగతావి సామాన్యజ్ఞానానికి, వర్తమాన విషయాలకు.

డెల్టా విద్యార్థి వెనకబడేది తెలివిలో కాదు, తేదీలో. క్లాట్ డిసెంబరులో జరుగుతుంది. అప్పటికి ఇంటర్ రెండో ఏడాది ఇంకా నడుస్తూనే ఉంటుంది. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున లేచి ఫిజిక్స్ లెక్కలు చేసే కుర్రాడికి ఆ పరీక్ష ఉన్నట్టు చెప్పేవాళ్లే తక్కువ. ఏప్రిల్‌లో ఫలితాలు చూసుకుని ‘లా అయితే ఎలా ఉంటుంది’ అనుకునేసరికి ఆ ఏడాది క్లాట్ అయిపోయి నాలుగు నెలలు దాటుతుంది. నల్సార్‌లో స్థానిక కోటా తెలంగాణ విద్యార్థులదే కాబట్టి, ఆంధ్ర విద్యార్థికి ఆ వెసులుబాటు విశాఖలోనే దొరుకుతుంది.

అర్హతలో ఒక మెలిక ఉంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం జనరల్ అభ్యర్థికి 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు కావాలి. అంతవరకు అందరికీ తెలుసు. పది, ఇంటర్ వరుసగా చదవకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నవారికి అర్హత లేదన్న మాట మాత్రం చాలామందికి కౌన్సెలింగ్ బల్ల దగ్గరే తెలుస్తుంది.

కాలేజీ పేరు ఎక్కడ చెల్లుతుంది

టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో పేరున్న ప్లీడరు. చేతినిండా కేసులున్నా ఆయనది సెకండ్ గ్రేడ్ ప్లీడరు సన్నదు (వాదించేందుకిచ్చే అనుమతి పత్రం), హైకోర్టులో వాదించడానికి అది చెల్లదు. ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరై 1907లో తిరిగొచ్చాకే మద్రాసు హైకోర్టులో నిలబడగలిగారు. ఏ పట్టా ఉందన్నదాన్ని బట్టి ఏ కోర్టులో నిలబడాలో తేలే రోజులవి.

1961 అడ్వొకేట్స్ చట్టం ఆ మెట్లను తీసేసింది. ఇప్పుడు బెంగళూరులో చదివినా భీమవరంలో చదివినా బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా పేరు నమోదు చేసుకుని ఎన్‌రోల్ అయ్యాక ఇద్దరూ అడ్వొకేట్లే, ఇద్దరిదీ ఒకే నల్లకోటు. నాగార్జున విశ్వవిద్యాలయంలో లా చదివిన ఎన్.వి.రమణ 2021లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అయితే ఈ ఉదాహరణను చూపించి ‘ఎక్కడ చదివినా ఒకటే’ అనేయడం కూడా సరికాదు. చట్టం తీసేసిన మెట్లను ఉద్యోగాల మార్కెట్ వేరే రూపంలో మళ్లీ కట్టింది.

ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లోని పెద్ద లా సంస్థలు కొత్తవారిని తీసుకునేది ప్రధానంగా క్యాంపస్‌లలో, లేదా చదువుకునేటప్పుడు తమ దగ్గర ఇంటర్న్‌షిప్ చేసినవారి నుంచి. ఈ రెండూ కొన్ని విశ్వవిద్యాలయాలకే తేలిగ్గా అందుతాయి. ఏడాదికి పది లక్షలు దాటే తొలి జీతాల వార్తలు వచ్చేది ఇక్కడి నుంచే. ఈ పనికి కాలేజీ పేరు నిజంగానే సగం అర్హత. జిల్లా కోర్టుకు వచ్చేసరికి కథ మారుతుంది. రాజమహేంద్రవరం కోర్టు ఆవరణలో కక్షిదారు అడిగేది ‘మీరు ఏ సీనియర్ దగ్గర?’ అనే. ఏ కాలేజీ అన్న ప్రశ్న గోడమీది పట్టా వంక చూసినప్పుడు కూడా రాదు.

జడ్జి పరీక్ష ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అక్కడ కాలేజీ పేరు లెక్కలోకి రాదు గానీ, అది నేర్పిన చదువు లెక్కలోకి వస్తుంది. మన రాష్ట్రంలో సివిల్ జడ్జి రాతపరీక్షలో తెలుగు, ఇంగ్లిష్ మధ్య అనువాదం కూడా ఉంటుంది. ఒక్క భాషలోనే నలిగినవారికి అది కొరుకుడుపడదు.

ఇక్కడి కోర్టుల్లో నడిచే వ్యాజ్యం

చదువు ఏ పనికి అన్నది తేల్చుకోవాలంటే డెల్టా కోర్టుల్లో నడిచే కేసులేమిటో దగ్గరగా చూడాలి. పాఠ్యపుస్తకాల్లో సగం పేజీలు రాజ్యాంగానికి పోతాయి. జూనియర్ చేతికి మొదట వచ్చే ఫైలు మాత్రం ప్రోనోటు దావా, అంటే అప్పు పత్రం మీద వేసే కేసు.

రెండు రూపాయల వడ్డీకి రాసిన నోటు. దావాకు గడువు మూడేళ్లు. ఆ లోపు అప్పు తీసుకున్నవాడు ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. కాబట్టి కేసంతా తరచుగా ఆ నాలుగు పంక్తుల మీదే ఆడుతుంది. చెల్లు రాసిన తేదీ నిజమైనదేనా, చేవ్రాలు ప్రతివాదిదేనా, పక్కన సాక్షి ఎవరు, సిరా ఒకటేనా. లిమిటేషన్ చట్టంలోని 19వ సెక్షన్‌ను క్లాసులో పది నిమిషాల్లో చెప్పేయవచ్చు. నోటును కిటికీ వెలుగులో తిప్పి చూడటం నేర్పేది సీనియర్ ఆఫీసే.

దీనికి కొత్త రూపం ఆక్వా, అంటే రొయ్యలు, చేపల సాగు తెచ్చింది. భీమవరం చుట్టుపక్కల మేత, సీడ్ అరువు మీద నడుస్తాయి, హామీగా చెక్కులు చేతులు మారతాయి. చెరువులో వైరస్ వచ్చి పంట పోతే చెక్కు బ్యాంకు నుంచి వెనక్కి వస్తుంది. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల గడువు, ఆ గడువు తీరిన నెలలోపు ఫిర్యాదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా కేసు బలం పోతుంది. గుమాస్తా క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టిపెట్టే తేదీలు ఇవే.

ఇక భూమి. దావా చివర రాసే ఆస్తి షెడ్యూలులో ఆర్.ఎస్. (రీసర్వే) నంబరు, ఎకరాలు, సెంట్లు, నాలుగు హద్దులు ఉంటాయి. తూర్పు పంట బోదె, దక్షిణం ఫలానావారి కొబ్బరితోట, పడమర పుంత (పొలాల మధ్య బండ్లు, పశువులు నడిచే దారి), ఉత్తరం గోదావరి. లంక గ్రామాల్లో చిక్కంతా ఆ చివరి హద్దుతోనే. వరద వచ్చినప్పుడల్లా గట్టు కోసుకుపోతుంది, ఎదుటి ఒడ్డున మేట వేస్తుంది. దస్తావేజులో నది ఉన్నచోట ఇప్పుడు నది ఉండదు. అడంగల్ (సాగు వివరాల రికార్డు), కొలత పటం, పాత దస్తావేజు పక్కపక్కన పెట్టి చదవగలిగిన జూనియర్‌కు రెండేళ్లు తిరక్కుండానే పని పెరుగుతుంది.

పంపకాల దావాల్లో చట్టం కూడా కదులుతూ వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు వాటా ఇస్తూ 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. 2005లో కేంద్ర సవరణ దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు తర్వాత, ఎప్పుడో సర్దుకున్నాయనుకున్న పంపకాలను మళ్లీ తెరిపించుకోవచ్చా అని అడిగే అక్కచెల్లెళ్లు ఉన్నారు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం సవరణ ముట్టుకోలేదు. ఆ ఒక్క తేదీ తెలియకుండా దావా వేయించే సలహా ప్రమాదకరం.

పర్యావరణం, గ్యాస్ కేసులు సంఖ్యలో తక్కువే. అయినా వాటిలో ప్రత్యేకత సంపాదించినవారు ఈ ప్రాంతంలో తక్కువ కాబట్టి అవకాశం ఎక్కువ. 1999లో ఐదో కాంటూరు (ఎత్తును చూపే గీత) వరకు కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పటి నుంచి చేపల చెరువుల వివాదం చల్లారలేదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంట, 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలుడు కోనసీమ మరచిపోయేవి కావు. పొలం కింద పైపులైన్ వేసే హక్కుకు, దాని పరిహారానికి 1962 నాటి చట్టం ఒకటి ప్రత్యేకంగా ఉంది. స్థానిక కాలేజీ ఈ చట్టాల మీద ఒక్క సెమినార్ పెట్టినా పక్క ఊళ్లో కేసులే ఉదాహరణలవుతాయి.

మూడేళ్ల నిబంధన ఎవరి మీద పడుతుంది

సుప్రీంకోర్టు చెప్పిన కారణం స్పష్టమే. కోర్టు హాలు తెలియకుండా పుస్తకం చదివి నేరుగా జడ్జి కుర్చీలో కూర్చున్నవారితో ఇబ్బందులు వస్తున్నాయని చాలా హైకోర్టులు నివేదించాయి. 1993లో ఉన్న నిబంధనే ఇది. న్యాయాధికారుల వేతనాలపై వేసిన శెట్టి కమిషన్ సిఫారసుతో 2002లో తీసేశారు, ఇప్పుడు తిరిగొచ్చింది. ఎన్‌రోల్‌మెంట్ తాత్కాలికమైనదైనా ఆ రోజు నుంచే మూడేళ్లు లెక్కిస్తారు కాబట్టి, పట్టా తర్వాత ప్రాక్టీసు కోసం రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష ఆలస్యమైనా నష్టం లేదు. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ఇచ్చే ధ్రువపత్రంపై అక్కడి కోర్టు ప్రధాన న్యాయాధికారి సంతకం కావాలి.

వయసు లెక్క ఇలా ఉంటుంది. ఇంటర్ తర్వాతే ఐదేళ్ల కోర్సులో చేరితే 23కి పట్టా, 26కి అర్హత. డిగ్రీ చదివి, గ్రూప్స్ రాస్తూ రెండేళ్లు గడిపి మూడేళ్ల కోర్సులో చేరితే 26కి పట్టా, 29కి గానీ అర్హత రాదు. ఆ వయసులో పెళ్లి సంబంధాలవాళ్లు ‘అబ్బాయి ఏంచేస్తున్నాడు’ అని అడిగితే ‘జూనియర్’ అన్న జవాబు ఎంత బరువో డెల్టాలో చెప్పనక్కర్లేదు. అమ్మాయిల విషయంలో ఆ ప్రశ్న ఇంకా ముందే వస్తుంది, చాలాసార్లు చదువు దారినే మార్చేస్తుంది.

డబ్బు లెక్క ఇంకా కటువు. ఎన్‌రోల్‌మెంట్ రుసుము భారం తగ్గింది. జనరల్ అభ్యర్థికి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గేటు దగ్గర టికెట్ ధర తగ్గినా లోపల మూడేళ్లు గడవాలి. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ సూచించింది. అది సిఫారసే, ఆదేశం కాదు. చిన్న పట్టణంలో సొంత ఆదాయమే నెలనెలా ఊగిసలాడే సీనియర్ అంత ఇవ్వలేడు. చాలా ఆఫీసుల్లో జూనియర్‌కు దక్కేది బస్సు చార్జీలు, పండక్కి బట్టలు, కేసు గెలిచినప్పుడు చేతిలో పెట్టే కొంత.

సార్వా, దాళ్వా రెండు పంటలకూ ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు వచ్చే ఇల్లు ఈ మూడేళ్లను మోయగలదు. ఆ బస్తాలు కొలిచి ఇచ్చే కౌలురైతు ఇల్లు మోయలేదు. ఒకే బెంచీ మీద చదివిన ఇద్దరిలో జడ్జి పరీక్ష దాకా ఎవరు నిలుస్తారన్నది మార్కులతో కాకుండా కమతంతో తేలిపోయే ప్రమాదం ఈ నిబంధనలో ఉంది. అనుభవం అవసరమన్న వాదనలో తప్పులేదు. ఆ అనుభవానికి జీతం ఎవరిస్తారన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

ఖరీదైన చదువుకూ ఇదే చిక్కు ఉంది. జాతీయ విశ్వవిద్యాలయంలో ఏడాదికి రెండున్నర లక్షలనుకుంటే ఐదేళ్లకు పన్నెండున్నర లక్షలు. అంత అప్పు తెచ్చి చదివినవాడు వెంటనే జీతం వచ్చే ఉద్యోగం వైపే వెళ్తాడు. బ్యాంకు వాయిదా కోర్టు వాయిదాలా జరగదు కదా. అందుకే జడ్జి కావాలనుకునే విద్యార్థికి, చేతిలో ఉపకారవేతనం లేకపోతే, తక్కువ ఫీజు స్థానిక కాలేజీలో చదివి మిగిలిన డబ్బును ఆ మూడేళ్లకు దాచుకోవడం మెరుగైన లెక్క కావచ్చు. కార్పొరేట్ పని కావాలనుకుంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అప్పు చేసైనా పేరున్న చోటే చదవాలి.

నెలజీతం ఇచ్చే దారులు

ఈ మూడేళ్లను కొంత తేలిక చేసే దారి న్యాయసేవాధికార సంస్థల్లో ఉంది. 2022 పథకం కింద జిల్లాల్లో ఏర్పడిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయాల్లో పేద ముద్దాయిల తరఫున వాదించేందుకు నెలసరి పారితోషికంపై న్యాయవాదులను పెట్టుకుంటారు. సహాయక స్థాయికి మూడేళ్లలోపు అనుభవమున్నా చాలు. పోస్టులు తక్కువ, పని ఎక్కువ. క్రాస్ ఎగ్జామినేషన్ నేర్చుకోవడానికి అంతకు మించిన బడి మాత్రం లేదు. 2024 జూలై 1 నుంచి కొత్త నేరచట్టాలు వచ్చాక పాత సెక్షన్లు కంఠతా ఉన్న సీనియర్లు కూడా పుస్తకం తిప్పాల్సి వస్తోంది కాబట్టి, కొత్తవారికి ఇది కొంత అనుకూలించే సమయం.

బ్యాంకుల్లో లా ఆఫీసర్ పోస్టులకు లా డిగ్రీతోపాటు ఎన్‌రోల్‌మెంట్ అడుగుతారు. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు లా పీజీ ప్రవేశపరీక్ష క్లాట్ పీజీ మార్కులతో తీసుకుంటాయి. సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు మళ్లీ మూడేళ్ల ప్రాక్టీసే. నోటరీకి జనరల్ అభ్యర్థులైతే పదేళ్లు ఆగాలి.

ఉద్యోగం చేస్తూ లా

డెల్టా లా కాలేజీల్లో మూడేళ్ల కోర్సులో టీచర్లు, బ్యాంకు సిబ్బంది, రెవెన్యూ ఉద్యోగులు కనిపించడం కొత్త కాదు. నిబంధన ప్రకారం హాజరు 70 శాతం ఉండాలి, ప్రత్యేక కారణాలుంటే 65కు సడలిస్తారు. దూరవిద్యలో లా లేదు. హాజరుకు బయోమెట్రిక్, ఉద్యోగం చేస్తుంటే ఆ వివరాలు, యజమాని నిరభ్యంతర పత్రం అడగాలని 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ కాలేజీలకు చెప్పింది. ‘పరీక్షలకు వస్తే చాలు’ అని నోటిమాటగా హామీ ఇచ్చే కాలేజీ ఆ పట్టా మీద రేపు ప్రశ్న వస్తే పక్కన నిలబడదు.

పట్టా చేతికొచ్చినా పూర్తికాల జీతగాడు ప్రాక్టీసు చేయకూడదన్నది బార్ కౌన్సిల్ 49వ నిబంధన. ఉపాధ్యాయుడిగా ఉంటూ సాయంత్రాలు వకాల్తా వేయడం కుదరదు. రిటైరయ్యాక ప్లీడరుగా కూర్చుందామన్న ఆలోచనైతే చదువు ఇప్పుడే అయినా, సన్నదు అప్పుడే.

కాలేజీకి ఒకసారి వెళ్లి చూస్తే

ప్రాస్పెక్టస్‌లో భవనం ఫొటో కన్నా ఉపయోగపడే వివరాలు కొన్ని ఉన్నాయి. మొదట, ఆ కోర్సుకు ఆ ఏడాదికి బార్ కౌన్సిల్ గుర్తింపు చెల్లుతోందా అన్నది. అది లేకపోతే మిగతావేవీ చూడనక్కర్లేదు. తర్వాత ఇంటర్న్‌షిప్. మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు తప్పనిసరి. ఆ వారాలు సీనియర్ల ఆఫీసుల్లో నిజంగా గడుస్తున్నాయా, రికార్డు పుస్తకంలో సంతకాలుగానే మిగులుతున్నాయా అన్నది చివరి ఏడాది విద్యార్థులు ఒక్క టీ తాగేలోపు చెప్పేస్తారు. డ్రాఫ్టింగ్ రికార్డు చూపించమని అడగవచ్చు. అయిదుగురి రికార్డుల్లో ఒకే దావా, ఒకే పేర్లతో ఉంటే అక్కడ డ్రాఫ్టింగ్ నేర్పడం లేదు, కాపీ చేయిస్తున్నారు.

భాష సంగతీ తేల్చుకోవాలి. కింది కోర్టులో సాక్షి చెప్పేది తెలుగులో, దావా రాసేది ఎక్కువగా ఇంగ్లిష్‌లో, అమరావతి హైకోర్టులో వాదన ఇంగ్లిష్‌లో. పరీక్ష తెలుగులో రాసుకోవచ్చన్న వెసులుబాటు పాసవడానికి సాయపడుతుంది. అయితే ‘పుంత’ అన్న మాటను షెడ్యూలులో ఇంగ్లిష్‌లో ఏమని రాయాలో తెలియని జూనియర్ దాన్ని ఉత్త ‘రోడ్డు’ అని రాసేస్తే, పదేళ్ల తర్వాత కోర్టు ఉద్యోగి అమీనా కొలతకు వచ్చిన రోజున పుంత ఏది, పక్కనున్న పంచాయతీ రోడ్డు ఏది అన్న తగాదా ఆ ఒక్క మాట దగ్గరే మళ్లీ మొదలవుతుంది.